తెలియని సగం

బ్వాయిసేలో వాన పడితే
ముందు మురుగుకాలవ లోపలికొచ్చేది, తర్వాతే జనం.
రేకుల కొట్టం, పన్నెండు బల్లలు,
టిక్కెట్టు ఒక చపాతీ ధర.
టీవీకి కుడి మూలన సన్నటి పగులు.
ఏ దేశపు హీరో పారిపోయినా
ఆ పగులు దాటుకునే పోవాలి.

సెముజ్జు మైకుని తొడకేసి తుడిచి
ఒకసారి దగ్గేవాడు. అదే మాకు గంట.
తెర మీద వాళ్లది ఏ భాషో
అతనికీ సగమే తెలుసు.
తెలియని ఆ సగంలోనే
మా కంపాలా అంతా కాపురముండేది.

మంచు కురిసే ఊళ్లో
పొడుగు కోటు పోలీసు తలుపు తడితే
"అదిగో, అద్దెకి ముక్వాయా వచ్చాడు!
మూడు నెలల బాకీ, దూరండర్రా మంచం కింద!"
అని లుగాండాలో కేకేసేవాడు.
కొట్టమంతా గొల్లుమనేది.
అసలు ముక్వాయా వెనక బల్ల మీదే ఉన్నాడు ఆ రోజు.
అందరికంటే గట్టిగా నవ్వాడు.
ఆ నెల ఎవరి తలుపూ తట్టలేదు.

నేను జెనరేటరు కుర్రాణ్ణి.
తాడు లాగడం, పెట్రోలు పోయడం,
ముద్దు సీనొస్తే తెరకి అడ్డంగా నిలబడడం.
హాంకాంగు దెబ్బలు చూసి
ఇటుక మీద వేళ్లు విరగ్గొట్టుకున్న నలుగురిలో
ఒకణ్ణి.
నాన్సుబుగతో మొదటిసారి మాట్లాడినప్పుడు
గొంతు సెముజ్జుది, చెమట మాత్రం నాది.
"ఇది రెండో రీలులో డైలాగు కదా" అంది.

ఒక సినిమా. పేరు గుర్తులేదు, డబ్బా లేని సీడీ.
రైల్వే స్టేషన్లో ఓ ముసలి తండ్రి,
ఎదురుగా పెట్టె పట్టుకున్న కొడుకు.
తండ్రి పెదవులు కదిలాయి.
మైకు ఊరుకుంది.
సెముజ్జు ఊరుకోవడం మేమెప్పుడూ వినలేదు,
జెనరేటరు ఆగిందేమోనని నేను లేచాను కూడా.
అప్పుడన్నాడు, మెల్లిగా:
"నాదే తప్పు నాయనా. నిన్ను కొట్టకుండా ఉండాల్సింది."

మా వీధిలో ఏ తండ్రి నోటా
అంతకుముందు వినని మాట.
ఎవరూ ఈల వెయ్యలేదు.
చిల్లర తగ్గిందని కొడుకుని
నలుగురి మధ్యా బాదిన బొగ్గుల కలూంగి
మర్నాడు తక్కెడ పక్కన నిలబడి
అదే మాట అన్నాడు.
అదే సాగదీత, అదే చిన్న దగ్గు ముందు.
మాటోవు బొగ్గుబస్తాలో తల దూర్చి
చాలాసేపు ఏదో వెతికాడు.

ఇప్పుడా చోట సెల్‌ఫోన్ల కొట్టు. నాదే.
పగిలిన తెరలు మారుస్తాను,
రోజుకి పది, పదిహేను.
ఎవరి సినిమా వాళ్ల అరచేతిలో.
చెవుల్లో తీగలు పెట్టుకుని
ఒక్కొక్కరూ విడివిడిగా నవ్వుకుంటారు.
పక్కవాడు దేనికి నవ్వాడో
అడగడం మర్యాద కాదిప్పుడు.

మొన్న ఓ ఫోన్‌కి కొత్త తెర వేసి
పరీక్షకని ఏదో నొక్కితే
ఆ స్టేషనే. ఆ ముసలాడే.
కింద అక్షరాలు, స్పష్టంగా:
"రైలు కదులుతోంది. వెళ్లు."
అంతే.
మూడుసార్లు వెనక్కి తిప్పాను.

సెముజ్జు రోడ్డవతల
పసుపు గొడుగు కింద సిమ్‌కార్డులు అమ్ముతాడు.
ఫోన్ పట్టుకెళ్లి చూపించాను.
కళ్లజోడు పైకి నెట్టి చూశాడు, నవ్వలేదు.
"రైలు అన్న ముక్క నాకూ వినబడిందిలే" అన్నాడు.
"కలూంగి మూడో బల్ల మీదున్నాడు.
పక్కన పిల్లాడు,
కన్ను ఇంకా వాచే ఉంది."

ఎవరో చిల్లరిచ్చి నంబరు చెప్పడం మొదలెట్టారు.
సెముజ్జు ఒకసారి దగ్గి
రాసుకున్నాడు.